క్లైమేట్ యాక్షన్ ట్రాకర్: మాటకూ చేతకూ మధ్య దూరాన్ని కొలిచే వెబ్‌సైట్

ప్యారిస్ ఒప్పందం ప్రకారం ప్రతి దేశమూ ఐదేళ్లకోసారి తన వాతావరణ కార్యాచరణ ప్రణాళికను, అంటే ఎన్‌డీసీని, ఐక్యరాజ్యసమితికి సమర్పించాలి. కొత్త ప్రణాళిక పాతదానికన్నా మెరుగ్గా ఉండాలన్నది అందులోని నియమం. ఆ పత్రాలను ఎవరైనా చదవవచ్చు గానీ, చదివినంత మాత్రాన ఆ దేశం ఒక అడుగు ముందుకు వేసిందో, ఉన్నచోటే నిలిచిందో సామాన్య పాఠకుడికి అంతుపట్టదు. క్లైమేట్ అనలిటిక్స్, న్యూక్లైమేట్ ఇన్‌స్టిట్యూట్ అనే పరిశోధన సంస్థలు నడుపుతున్న ఈ ఉచిత వెబ్‌సైట్ 2009లో మొదలైంది; ఆ లెక్క తేల్చిపెట్టేది ఇదే.

బ్రెజిల్ ఉదాహరణ చూస్తే దీని అవసరం అర్థమవుతుంది. 2030 నాటికి గ్రీన్‌హౌస్ వాయువుల ఉద్గారాలను 2005 స్థాయి నుంచి 43 శాతం తగ్గిస్తామని ఆ దేశం మొదట చెప్పింది. 2020 డిసెంబరులోనూ అదే 43 శాతాన్ని సమర్పించింది. అయితే ఈలోగా 2005 నాటి ఉద్గారాల అంచనా 210 కోట్ల టన్నుల నుంచి 280 కోట్ల టన్నులకు పెరిగింది. శాతం మారకపోయినా, 2030లో విడుదల చేయగల పరిమాణం సుమారు 120 కోట్ల టన్నుల నుంచి 160 కోట్లకు చేరిపోయింది. 2023లో బ్రెజిల్ దీన్ని సరిదిద్దుకుంది. శాతాలను పక్కనపెట్టి టన్నుల్లో లెక్కగట్టి చూపే ఈ ట్రాకర్ పద్ధతి ఇలాంటిచోటే అక్కరకొస్తుంది.

నన్ను ఎక్కువసేపు కట్టిపడేసింది మాత్రం ఇందులోని ఉష్ణమాపకం బొమ్మ. 2024 నవంబరు అంచనాలో, అప్పుడు అమలవుతున్న విధానాలే కొనసాగితే 2100 నాటికి భూతాపం, పారిశ్రామిక యుగానికి ముందటితో పోలిస్తే, 2.7 డిగ్రీలు పెరుగుతుందని ఒక గీత చూపింది. దేశాలు ప్రకటించిన దీర్ఘకాలిక హామీలన్నీ నెరవేరితే అది 1.9 డిగ్రీలని మరో గీత చెప్పింది. ఆ రెండు గీతల మధ్య జాగాయే అమలులోని లోటు. మాటలు కోటలు దాటి, చేతలు గడప దాటకపోతే ఏమవుతుందో అంత చిన్న బొమ్మలో అంత స్పష్టంగా కనిపించడం నాకు నిజంగా బాధ కలిగించింది. దేశాల పేజీల్లో కూడా లక్ష్యానికి ఒక రేటింగు, విధానాలకు వేరొక రేటింగు ఇస్తారు కాబట్టి, గొప్ప లక్ష్యం పెట్టుకుని చట్టాలు చేయని దేశం తప్పించుకోలేదు.

కొరతలూ ఉన్నాయి. ఇది విశ్లేషించేది సుమారు 40 దేశాలనే. ప్రపంచ ఉద్గారాల్లో అత్యధిక భాగం వాటివే అయినా, మిగిలిన దేశాల ప్రజలకు ఇక్కడ సమాధానం దొరకదు. అడవులు, భూవినియోగం నుంచి వచ్చే ఉద్గారాలను రేటింగులో కలపరు కనుక, బ్రెజిల్ వంటి దేశానికి రేటింగు ఒక్కటే చూస్తే సగం కథే తెలుస్తుంది, ఆ దేశం పేజీలోని వివరణ తప్పక చదవాలి. కరవు, వరదలను తట్టుకునే సన్నద్ధత గురించి వెతికేవారికి ఇది పనికిరాదు. ఆంగ్లం చదవలేనివారికి బొమ్మలే ఆధారం.

2035 లక్ష్యాలతో దేశాలు ఇచ్చే కొత్త ప్రణాళికలను అంచనా వేయడానికి విలేఖరులు, ఉపాధ్యాయులు, పౌర సంఘాలవారు దీన్ని తప్పక వాడుకోవాలని నా అభిప్రాయం. రేటింగుకన్నా ముందు ఆ పేజీని చివరిసారి ఎప్పుడు సవరించారో చూడండి. తర్వాత నేరుగా విధానాల విభాగానికి వెళ్లండి.