కొత్తగా తెరుస్తున్న మాంటిస్సోరి ఎలిమెంటరీ బడి: మొదటి ఏడాదే చేర్చొచ్చా?

ముందే తేల్చి చెబుతున్నాం. ఆరు నుంచి పన్నెండేళ్ల పిల్లలతో ఈ పద్ధతిలో ఇదివరకే పనిచేసిన టీచరు కనీసం ఒకరు ఉండాలి. విద్యాశాఖ కాగితాలు చేతిలో ఉండాలి. మూడేళ్లు నష్టానికైనా నడపగల డబ్బు యాజమాన్యం దగ్గర ఉండాలి. ఈ మూడూ ఉంటే మొదటి బ్యాచ్‌లోనే చేర్చొచ్చు. ఒక్కటి లేకపోయినా ఏడాది ఆగండి. బిల్డింగ్ అందం, చెట్లు, వెబ్‌సైట్‌లో ఫొటోలు ఈ లెక్కలోకి రావు.

హైదరాబాద్ చుట్టూ శంకర్‌పల్లి, మొయినాబాద్, నార్సింగి వైపు 'ఆల్టర్నేటివ్' అని బోర్డు పెట్టే కొత్త బడుల్లో ఎక్కువ మంది వాడే పేరు మాంటిస్సోరి. ఆ పేరుకు ట్రేడ్‌మార్కు లేదు, ఎవరైనా పెట్టుకోవచ్చు. పిల్లలు సామగ్రిని చేత్తో పట్టుకుని సొంతంగా నేర్చుకునే ఈ పద్ధతిని రూపొందించిన ఇటలీ వైద్యురాలు మరియా మాంటిస్సోరి 1939లో మద్రాసు అడయారులోని దివ్యజ్ఞాన సమాజం ఆహ్వానం మీద మన దేశానికి వచ్చారు. యుద్ధకాలంలో కొడైకెనాల్‌లో ఉన్నప్పుడు కొడుకు మారియోతో కలిసి పెద్ద పిల్లల పాఠాల మీద చాలా పని చేశారు. ఎలిమెంటరీ మాంటిస్సోరిలో మంచి భాగం మన దక్షిణాదిలోనే రూపుదిద్దుకుంది. అయినా ఇప్పుడు ఇక్కడ తేలిగ్గా దొరికేది మూడు నుంచి ఆరేళ్ల వయసుకు శిక్షణ పొందినవాళ్లే.

అసలు చిక్కు అక్కడే మొదలవుతుంది. కొత్త ఎలిమెంటరీ చాలాసార్లు బాగా నడుస్తున్న ప్లేస్కూల్‌కి కొనసాగింపుగా పుడుతుంది. యూకేజీ పూర్తయిన పిల్లల తల్లిదండ్రులు 'ఒకటో తరగతి కూడా మీరే పెట్టండి' అంటారు, యాజమాన్యం సరే అంటుంది, చిన్నపిల్లల టీచర్నే పై గదికి పంపుతుంది. కానీ 3–6 డిప్లొమా వేరు, 6–12 డిప్లొమా వేరు. ఏఎంఐ, అంటే మాంటిస్సోరి స్వయంగా 1929లో స్థాపించిన అంతర్జాతీయ సంస్థ, ఈ రెంటినీ విడివిడిగా ఇస్తుంది. చిన్నపిల్లల గదిలో గొప్పగా పనిచేసే టీచరు ఎనిమిదేళ్ల పిల్లవాడు 'భాగహారంలో పక్క సంఖ్యను ఎందుకు దించాలి?' అని అడిగితే జవాబుకు తడుముకోవచ్చు. అది ఆమె తప్పు కాదు, ఆమె ఆ శిక్షణ తీసుకోలేదు.

కాబట్టి ఓపెన్ హౌస్‌కి వెళ్లినప్పుడు డైరెక్టర్‌తో కాకుండా క్లాసులో ఉండబోయే టీచర్‌తో అరగంట మాట్లాడించమని అడగండి. ఏ కోర్సు, ఎక్కడ, ఎన్ని నెలలు, ఏ వయసుకు అన్నది కనుక్కోండి. ఆన్‌లైన్‌లో వారాల్లో ముగిసే కోర్సు అయితే సామగ్రిని చేత్తో పట్టుకుని సాధన చేసే అవకాశం పెద్దగా ఉండదు. తర్వాత ఒక పాఠం చూపించమనండి. సిగ్గుపడాల్సిన పని లేదు, ఏటా అంత ఫీజు కడుతున్నారు.

ఏ పాఠం అడగాలంటే, బంగారు రంగు పూసలతో భాగహారం అడగండి. 3,642ని ముగ్గురికి పంచాలనుకుందాం. వెయ్యి పూసల ఘనాలు మూడు, వంద పూసల పలకలు ఆరు, పది పూసల కడ్డీలు నాలుగు, విడి పూసలు రెండు పళ్లెంలో పెడతారు. వేల దగ్గర మొదలుపెట్టి మనిషికొకటి, వందలు మనిషికి రెండు. పదుల దగ్గర మనిషికొకటి పోగా ఒక కడ్డీ మిగులుతుంది. ఇప్పుడు టీచరు ఏం చేస్తారో గమనించండి. ఆ కడ్డీని పిల్లవాడే 'బ్యాంకు' (పూసలన్నీ నిల్వ ఉంచే చోటు) దగ్గరికి తీసుకెళ్లి పది విడి పూసలుగా మార్చుకు రావాలి. ఉన్న రెండుతో కలిపితే పన్నెండు, మనిషికి నాలుగు. జవాబు 1,214. అలా మార్చుకు రావడానికి వేసే ఆ నాలుగడుగులే పాఠం. టీచరే తొందరపడి మార్చి ఇచ్చేస్తే, లేదా 'బ్యాంకు'లో విడి పూసలు సరిపడా లేకపోతే, ఆ సామగ్రి ప్రదర్శనకు పెట్టిన వస్తువే.

సామగ్రి పూర్తిగా ఉందో లేదో పట్టుకోవడానికి రెండు లెక్కలు చాలు. భిన్నాల వృత్తాలు పది ఉంటాయి: ఒకటి పూర్తిగా, ఒకటి రెండు ముక్కలుగా, అలా పది ముక్కల దాకా. మొత్తం ముక్కలు 55. ఒక్క ముక్క పోయినా 'ఏడు ఏడో వంతులు కలిస్తే ఒకటి' అనేది చెయ్యలేం. పెద్ద భాగహారానికి వాడే గొట్టాల స్టాండ్లు ఏడు, తెలుపు మూడు, బూడిదరంగు మూడు, నలుపు ఒకటి. ఒక్కో దాంట్లో పది గొట్టాలు, గొట్టానికి పది పూసలు. జూన్‌లో బడి తెరుస్తున్నామంటూ మే నెలలో కూడా 'సామాను దారిలో ఉంది' అంటున్నారంటే మొదటి టెర్మ్ అంతా వర్క్‌షీట్ల మీదే గడుస్తుంది. మామూలు బడి నుంచి వచ్చే పిల్లల కోసం చిన్నపిల్లల గదిలోని సామాను కూడా కొంత కావాలి. పదుల కడ్డీని ఎప్పుడూ ముట్టుకోని ఏడేళ్ల పాపని నేరుగా గొట్టాల దగ్గర కూర్చోబెడితే అది మరో రకం బట్టీ అవుతుంది. కొత్త బడులు కొనుగోలులో ఎక్కువగా మరిచిపోయేది దీన్నే.

తెలుగు సంగతి విడిగా చెప్పాలి. ఇంత ఖర్చుపెట్టి కట్టిన గదుల్లో కూడా వేలితో తడిమి నేర్చుకునే గరుకు కాగితం అక్షరాలు, మాటలు పేర్చుకునే కదిలే అక్షరాల పెట్టె ఇంగ్లిష్‌వే కనిపిస్తాయి. తెలుగుకి ఒక చార్టు గోడ మీద వేలాడుతుంది. దీనికి నిజమైన కారణం ఒకటుంది. ఇంగ్లిష్ పెట్టెలో అక్షరాలు ఎడమ నుంచి కుడికి పేర్చుకుంటూ పోతే మాట అయిపోతుంది. తెలుగులో గుణింతం గుర్తు అక్షరం తల మీదో పక్కనో కూర్చుంటుంది, ఒత్తు కింద చేరుతుంది. 'రాష్ట్రం' అని పేర్చాలంటే ష కింద ట ఒత్తు, దానికి ర ఒత్తు, పక్కన సున్న, అన్నీ విడి ముక్కలుగా ఉండి సరైన చోట పట్టాలి. ఇంగ్లిష్ పెట్టెని చూసి అచ్చుపోసిన తెలుగు పెట్టె ఇక్కడ పనిచెయ్యదు. అట్టతో సొంతంగా కత్తిరించి, తలకట్టు, దీర్ఘం, గుడి ఒక అరలో, ఒత్తులు ఇంకో అరలో పెట్టుకున్న టీచరు కనిపిస్తే ఆ బడికి మా నుంచి పెద్ద మార్కు. ఆమె తెలుగు గురించి ఆలోచించారని అర్థం.

పుస్తకాల అర కూడా చూడండి. మంచి పుస్తకం, ప్రథమ్ బుక్స్, తూలిక లాంటి ప్రచురణకర్తల తెలుగు పుస్తకాలు తక్కువ ధరకే దొరుకుతాయి. అవీ లేవంటే డబ్బు సమస్య కాదు, శ్రద్ధ లేదు. తెలంగాణలో బడుల్లో తెలుగు బోధన తప్పనిసరి చేస్తూ 2018లో చట్టం కూడా వచ్చింది. 'ఆసక్తి ఉంటే నేర్పుతాం' అనే వీలు బడికి లేదు.

ఇక మొదటి ఏడాదికే ఉండే ఇబ్బంది. ఈ పద్ధతి వయసుల కలయిక మీద నిలబడుతుంది. ఆరు నుంచి తొమ్మిదేళ్ల వాళ్లు ఒకే గదిలో పాతిక, ముప్పై మంది ఉంటే పెద్దవాళ్లు చేసేది చూసి చిన్నవాళ్లు సగం నేర్చుకుంటారు. కొత్త బడిలో చేరేది ఎనిమిది, పది మంది, అందరూ ఆరేళ్లవాళ్లే. చూసి నేర్చుకోవడానికి పైవాళ్లు ఉండరు, ప్రతిదీ టీచరే చూపించాలి. పొద్దున మూడు గంటలపాటు బెల్లు లేకుండా ఎవరి పని వాళ్లు చేసుకునే సమయం ఈ బడికి వెన్నెముక. మొదటి నెలల్లో అది ముప్పావు గంటకే చెదిరిపోతుంది. అది సహజమే. చెదిరినప్పుడు టీచరు ఏం చేస్తారన్నదే చూడాలి. అందర్నీ బోర్డు ముందు కూర్చోబెట్టి క్లాసు చెప్పడం మొదలుపెడితే దసరా నాటికి అది చిన్న మామూలు బడి అయిపోతుంది. ఇద్దరు ముగ్గుర్ని పిలిచి చిన్న పాఠం ఇచ్చి, మిగతావాళ్లని మళ్లీ పనిలోకి పంపగలిగితే సంక్రాంతికి గది కుదురుకుంటుంది.

కలగలుపు తరగతికి ఖరీదైన సామాను ఒక్కటే దారి అని కూడా అనుకోనక్కర్లేదు. మదనపల్లె దగ్గర రిషివ్యాలీ గ్రామీణ విద్యా కేంద్రం చుట్టుపక్కల పల్లె బడుల్లో కార్డులు, ఎవరి వేగంతో వాళ్లు మెట్టు మెట్టుగా ముందుకెళ్లే 'నిచ్చెన' పద్ధతితో ఒకే గదిలో అనేక తరగతులు నడిపి చూపించింది. కొత్త బడివాళ్లని దాని గురించి అడిగి చూడండి. వాళ్ల చదువు ఎంత విస్తృతమో తెలుస్తుంది.

డబ్బు దగ్గరికి వద్దాం. ఉదాహరణకు బడి నెల ఖర్చు అద్దె, జీతాలు, వ్యాన్ కలిపి 3 లక్షలు, ఒక్కో పిల్లకి నెలకు పడే ఫీజు 10 వేలు అనుకుంటే, ఇరవై మందితో నెలకు లక్ష లోటు, ఏడాదికి 12 లక్షలు. ఈ లోటు ఎవరు భరిస్తారు, ఎన్నేళ్లు భరిస్తారు? సూటిగా అడగండి. 'అడ్మిషన్లు వస్తాయి' అనేది జవాబు కాదు. లోటు పెరిగినప్పుడు మొదట పోయేది అసిస్టెంట్ టీచరు, తర్వాత ఎక్కువ జీతం ఉన్న శిక్షణ పొందిన టీచరు. ఫీజు మాత్రం అదే ఉంటుంది. అడ్మిషన్ ఫీజు, డిపాజిట్, మెటీరియల్ ఫీజు వేరువేరుగా రాయించుకోండి. డిపాజిట్ ఎప్పుడు, ఎన్ని రోజుల్లో తిరిగిస్తారో రసీదు మీదే ఉండాలి. ఏడాది మొత్తం ఒకేసారి కడితే రాయితీ అంటే వద్దనండి, టెర్మ్ వారీగా కట్టండి. డొనేషన్ అడిగితే అది విద్యాహక్కు చట్టం 13వ సెక్షన్ ప్రకారం నేరం, వసూలు చేసినదానికి పది రెట్ల దాకా జరిమానా. పిల్లలకీ తల్లిదండ్రులకీ ఇంటర్వ్యూ పెట్టి వడపోయడానికీ అదే సెక్షన్ ఒప్పుకోదు. మొదటిసారికి 25 వేల దాకా, ఆపై ప్రతిసారీ 50 వేల దాకా జరిమానా. 'ట్రయల్ డే' అనే పేరుతో జరిగేది చాలాచోట్ల ఇదే.

కాగితాల్లో రెండు మెట్లున్నాయి: ముందు ఓపెనింగ్ పర్మిషన్, తర్వాత రికగ్నిషన్, అంటే ప్రభుత్వ గుర్తింపు. ప్లేస్కూల్‌గా నమోదైన సంస్థకి ఒకటో తరగతి నడిపే హక్కు దానంతట అది రాదు. విద్యాహక్కు చట్టం 18వ సెక్షన్ ప్రకారం రికగ్నిషన్ లేకుండా బడి నడిపితే లక్ష దాకా జరిమానా, ఆ తర్వాత కూడా నడిపితే రోజుకు 10 వేలు. పిల్లల వైపు నుంచి చూస్తే నష్టం వేరుగా ఉంటుంది. బడిని గుర్తించడానికి ప్రభుత్వం ఇచ్చే 11 అంకెల యూడైస్ కోడ్ లేని బడిలో చదివిన పిల్ల ప్రభుత్వ రికార్డులో కనిపించదు. అందుకే 'అప్లై చేశాం' అంటే దరఖాస్తు నకలు చూపించమనండి, డీఈవో ఆఫీసులో ఒకసారి కనుక్కోండి. 'సీబీఎస్‌ఈ సిలబస్' అన్న మాటకి సీబీఎస్‌ఈ అఫిలియేషన్‌తో సంబంధం లేదు. ఐదో తరగతి దాకానే ఉన్న బడికి రాష్ట్ర రికగ్నిషనే ముఖ్యం. టీచర్ల విషయంలోనూ మాంటిస్సోరి డిప్లొమా ఒక్కటే చట్టానికి సరిపోదు, డీఈడీ, టెట్ కావాలి. 2023 ఆగస్టులో సుప్రీంకోర్టు తీర్పు తర్వాత ప్రాథమిక తరగతులకు బీఈడీ అర్హత కూడా చెల్లదు. రెండు రకాల అర్హతలూ ఉన్నవాళ్లని పెట్టుకున్న బడి ముందుచూపుతో ఉన్నట్టు.

అద్దె విల్లాల్లో పెట్టిన బడికి వెళితే మేడ మెట్ల రెయిలింగ్, డాబా పిట్టగోడ ఎత్తు, బయటికి రెండో దారి, ఆడపిల్లలకీ మగపిల్లలకీ వేరు టాయిలెట్లు చూసుకోండి. వ్యాన్‌లో ఒకవైపు గంట దాటితే ఆరేళ్ల పిల్లకి ఎంత మంచి బడైనా వద్దు.

బయటికి వచ్చే దారి గురించి చేరే ముందే అనుకోవాలి. ఈ పద్ధతిలో పిల్లలు చేత్తో చేసిన లెక్కను కాగితం మీద వేగంగా చెయ్యడం చాలావరకు తొమ్మిది, పదేళ్లకి కుదురుతుంది. మూడో తరగతి మధ్యలో తీసేసి మామూలు బడిలో వేస్తే ఎక్కాల్లో, రాత వేగంలో, హిందీలో వెనకబడినట్టు కనిపిస్తారు. పిల్లలో లోపం లేదు, పని సగంలో ఆపేశాం అంతే. ఐదు దాకా ఉంచగలం అనుకుంటేనే చేర్చండి. ఐదో తరగతి చివరి ఆరు నెలలు సమయం పెట్టి పరీక్ష రాయడం అలవాటు చేస్తారా అని కూడా అడగండి. నవోదయ ఆరో తరగతి ప్రవేశపరీక్షలో రెండు గంటల్లో 80 ప్రశ్నలు. అది వేగాన్నే కొలుస్తుంది. దానికి గ్రామీణ కోటాలో అర్హత కావాలంటే 3, 4, 5 తరగతులు గ్రామీణ ప్రాంతంలోని గుర్తింపు ఉన్న బడిలోనే చదివుండాలి. ఊరి బయటి బడి కదా అని నమ్మి, రికగ్నిషన్ చూడకపోతే ఆ అవకాశం పోతుంది.

రోజూ ఏం నేర్చుకుందో నోట్‌బుక్‌లో చూసుకోకపోతే నిద్రపట్టని ఇళ్లకి ఈ బడి సరిపడదు. రెండేళ్లలో ఊరు మారే ఉద్యోగాలున్నవాళ్లకీ అంతే. మార్కులు లేకపోయినా రికార్డు మాత్రం ఉండాలి. ఏ తేదీన ఏ పాఠం ఇచ్చారు, ఎన్నిసార్లు సాధన చేసింది, ఎప్పుడు సొంతంగా చేసింది అన్న పుస్తకం టీచరు దగ్గర ఉంటుంది. పిల్ల తన పని తానే రాసుకునే డైరీ ఇంకొకటి. ఈ రెంటి నకలు ప్రతి టెర్మ్ చివర అడిగి ఇంట్లో పెట్టుకోండి. బడి మూతపడినా, మీరే మానిపించినా, తర్వాతి టీచరుకి టీసీ కన్నా ఎక్కువ పనికొచ్చేవి అవే. టీసీ ఆలస్యమైందన్న కారణంతో ప్రభుత్వ బడిగానీ ఎయిడెడ్ బడిగానీ చేర్చుకోకుండా ఉండటానికి విద్యాహక్కు చట్టం 5వ సెక్షన్ ప్రకారం వీల్లేదు.