జాగ్రత్త: కారు మీది, డబ్బు మీది, భార్య నడిపితే మాత్రం వారంటీ ఉండదట!

హైదరాబాద్‌లో సెకండ్ హ్యాండ్ లగ్జరీ కార్ల కోసం తిరిగినవాళ్ళకి ఈ షోరూమ్ గురించి కొత్తగా చెప్పక్కర్లేదు. జూబ్లీహిల్స్ వైపు, అద్దాల గోడలు, అడుగు పెట్టగానే గ్రీన్ టీ, రీల్స్‌లో కనిపించే ఆ తెల్ల చొక్కా కుర్రాడు. పేరు రాస్తే లాయర్ నోటీసు ఖాయం కాబట్టి రాయట్లేదు. తెలిసినవాళ్ళకి ఈపాటికే తెలిసిపోయి ఉంటుంది.

కారు పోర్షే 718 కేమన్. రెండే సీట్లు, 2 లీటర్ల టర్బో, 300 హార్స్‌పవర్, ఏడు గేర్ల పీడీకే, అంటే క్లచ్ తొక్కక్కర్లేని పోర్షే ఆటోమేటిక్ గేర్‌బాక్స్. నాకు దీని మీద ఎంత పిచ్చో రాస్తూ కూర్చుంటే తెల్లారుతుంది, వదిలేయండి. చూశాం, బేరం కుదిరింది, ఇంజిన్‌కి, గేర్‌బాక్స్‌కి ఏడాది వారంటీ అంటూ ఒక కాగితం చేతిలో పెట్టారు. కంపెనీ ఇచ్చే వారంటీ కాదు, షోరూమ్ వాళ్ళు సొంతంగా రాసిచ్చేది. ఆరోజు మా ఆవిడ కూడా వచ్చింది. డ్రైవర్ సీట్లో కూర్చుని అద్దాలు సర్దుకుంటుంటే తెల్ల చొక్కా పక్కనే నిలబడి, "మేడం కూడా హాయిగా నడుపుకోవచ్చు సార్, పీడీకే కదా, స్కూటీ అంత ఈజీ" అన్నాడు. ఈ ఒక్క ముక్క గుర్తుపెట్టుకోండి.

మొన్న ఆదివారం పొద్దున్నే నార్సింగి దగ్గర ఓఆర్ఆర్ (ఔటర్ రింగ్ రోడ్డు) ఎక్కి శంషాబాద్ దాకా వెళ్ళొద్దామని బయల్దేరాం. స్టీరింగ్ మా ఆవిడకి ఇచ్చా. ఇక్కడ కొందరు ముసిముసిగా నవ్వుతారని తెలుసు. మా ఇంట్లో ముందు లైసెన్స్ వచ్చింది ఆమెకే. రోజూ మియాపూర్ నుంచి గచ్చిబౌలి దాకా ట్రాఫిక్‌లో క్లచ్ తొక్కుకుంటూ పోయేది ఆమె, మెట్రోలో నిద్రపోతూ పోయేది నేను. ఓఆర్ఆర్ మీద కార్లకి 120 దాకా వెళ్ళనిస్తారు, అయినా ఆమె వంద దాటలేదు. ఇంకొంచెం తొక్కమని సతాయించింది నేనే.

కాసేపటికి లోపల ఏదో తియ్యటి వాసన. కూలెంట్ (ఇంజిన్‌ని చల్లబరిచే ద్రవం) కారితే ఇలాగే వస్తుంది కదా అని నాకు తట్టేలోపే డ్యాష్‌బోర్డు మీద వార్నింగ్ వెలిగింది. ఆమె హజార్డ్ లైట్లు వేసి, మెల్లగా ఎడమ పక్కకి తీసి, ఇంజిన్ ఆపేసింది. "వచ్చే ఎగ్జిట్ దాకా లాగేద్దాం" అన్న మేధావిని నేను. "ఇంజిన్ సీజ్ అవుతుంది, నోరు మూసుకుని దిగు" అంది. ఆమె మాట విన్నందుకే ఇంజిన్ బతికింది.

ఫ్లాట్‌బెడ్ (కారుని మీదకెక్కించుకుని మోసుకెళ్ళే లారీ) పిలిచి, ముక్కు గీసుకోకుండా చెక్కలు పెట్టి ఎక్కించి, నేరుగా షోరూమ్‌కి తీసుకెళ్ళాం. వారంటీ ఉంది కదా, టెన్షన్ ఎందుకు అనే ధీమా!

అక్కడ తెల్ల చొక్కా అడిగిన మొదటి ప్రశ్న ఏం చెడిపోయిందని కాదు. "ఎవరు నడిపారు సార్?" మా ఆవిడ "నేనే" అంది. అంతే, వాడి మొహంలో ఒక నిశ్చింత. పోయిన పర్సు దొరికినవాడిలా వెలిగిపోయాడు. ఫైలు తెప్పించి, వారంటీ కాగితం తిప్పి, వెనకవైపు చీమ తలకాయంత అక్షరాల్లో ఉన్న 'అన్‌ఆథరైజ్డ్ యూజ్' మీద వేలు పెట్టాడు. "ఆర్సీలో సార్ పేరే ఉంది. మేడం పేరు లేదు. దీని కింద క్లెయిమ్ రాదు."

నేను నా భార్యకి అనుమతి ఇవ్వలేదని వీడికెవరు చెప్పారు? అదే అడిగా. నాకు జవాబు ఇవ్వలేదు. ఆమె వైపు తిరిగి, చిన్నపిల్లకి చెప్తున్నట్టు, నవ్వుతూ అన్నాడు: "ఇది స్కూటీ కాదు మేడం."

అదే నోరు. అదే షోరూమ్. అమ్మేటప్పుడు స్కూటీ అంత ఈజీ, డబ్బు కట్టాల్సి వచ్చేసరికి స్కూటీ కాదు. సరిగ్గా అప్పుడే ఆఫీస్ బాయ్ గ్రీన్ టీ తెచ్చి మా ముందు పెట్టాడు. ఆ కప్పు ఏం చేయాలనిపించిందో ఇక్కడ రాయలేను. నేను అరుస్తూనే ఉన్నా, మా ఆవిడ మాత్రం చప్పుడు చేయకుండా ఆ కాగితం రెండు వైపులా ఫొటో తీసుకుంది. ఇప్పుడు నా చేతిలో ఉన్న ఆధారం అదే, ఎందుకంటే ఒరిజినల్ "వెరిఫికేషన్‌కి" వాళ్ళే ఉంచుకున్నారు. ఉంచుకోనిచ్చిన మహానుభావుడు ఎవరో అడక్కండి.

మళ్ళీ ఫ్లాట్‌బెడ్, ఈసారి మన మెకానిక్ దగ్గరికి. లిఫ్ట్ మీద ఎక్కించి కింద షీల్డు విప్పాడు. కూలెంట్‌ని తిప్పే వాటర్ పంప్ చుట్టూ ఎండిపోయిన గులాబీ రంగు పొర, గోటితో గీకితే పెచ్చులుగా రాలుతోంది. "ఇది ఇయ్యాల కారింది కాదన్నా, శానా రోజులది. బయటికి కనవడే జాగ మాత్రం మంచిగ తుడిచి పాలిష్ కొట్టిన్రు" అన్నాడు. కారు కంప్యూటర్‌కి స్కానర్ పెడితే కూలెంట్ గురించి పాత ఫాల్ట్ ఒకటి కిలోమీటర్ల రీడింగ్‌తో సహా దొరికింది. ఆ రీడింగ్, నేను కొన్న రోజు మీటర్‌లో ఉన్నదానికంటే తక్కువ. పంప్ తుడిచినవాళ్ళు కంప్యూటర్ తుడవడం మర్చిపోయారు పాపం. స్క్రీన్ ఫొటో తీసి షోరూమ్ వాళ్ళకి వాట్సాప్ చేశా. బ్లూ టిక్‌లు వచ్చాయి, జవాబు రాలేదు.

ఇన్సూరెన్స్ అడగమని సలహా ఇచ్చేవాళ్ళకి: మామూలు పాలసీ ఇలాంటి మెకానికల్ బ్రేక్‌డౌన్‌కి ఇవ్వదు. కానీ అదే పాలసీలో డ్రైవర్ గురించి ఏముందో చదవండి. సరైన లైసెన్స్ ఉండి, ఓనర్ ఒప్పుకుంటే ఎవరైనా నడపొచ్చు. యాక్సిడెంట్ రిస్క్ మోసే ఇన్సూరెన్స్ కంపెనీకే లేని అభ్యంతరం, కారిపోయే పంప్ అంటగట్టినవాడికి వచ్చింది.

నేషనల్ కన్స్యూమర్ హెల్ప్‌లైన్ 1915కి కంప్లైంట్ ఇచ్చాను. కేసు వేయాలంటే కొన్న ధర 50 లక్షలు దాటింది కాబట్టి జిల్లా వినియోగదారుల కమిషన్ కాదు, రాష్ట్ర కమిషన్‌కి వెళ్ళాలట. వెళ్తా. రిపేరు బిల్లు లక్ష పైనే అంటున్నాడు మెకానిక్, అది చేతికి రాగానే వేస్తా.

ఇలాంటి షోరూమ్‌లో ఎవరైనా టోకెన్ కట్టి ఉంటే, మిగతా డబ్బు కట్టేముందు బండిని బయటి గ్యారేజీలో లిఫ్ట్ ఎక్కించి షీల్డు విప్పించి చూడండి, స్కాన్ రిపోర్టు ప్రింట్ తీసుకోండి. వారంటీ కాగితంలో "లైసెన్స్ ఉన్న కుటుంబసభ్యులు నడపొచ్చు" అని రాయించి స్టాంప్ వేయించుకోండి. రాయనంటే టోకెన్ వెనక్కి అడగండి. ఒరిజినల్ కాగితం మాత్రం ఎవరడిగినా చేతికివ్వకండి, జిరాక్స్ ఇవ్వండి.