సీఆర్ఎఫ్50ఎఫ్: ఇంజిన్ పని తర్వాత క్లచ్‌ను దారికి తెచ్చిన స్క్రూ

పిల్లలు మట్టి నేల మీద నడిపే చిన్న మోటార్‌సైకిల్ హోండా సీఆర్ఎఫ్50ఎఫ్‌లో నాకు అన్నిటికంటే నచ్చింది ఇంజిన్ కుడివైపు మూత మీద బయటికే కనిపించే చిన్న స్క్రూ, దాన్ని పట్టి ఉంచే లాక్ నట్. బండి ఎత్తు, చక్రాల కొలత, గేర్ల సంఖ్య కొనేముందే అందరూ చూసుకుంటారు. ఈ స్క్రూ జోలికి మాత్రం ఎవరూ పోరు. ఇంజిన్ పని పడేదాకా పోవలసిన అవసరమూ రాదు. మాకు పడింది. మా అమ్మాయి నేర్చుకుని వదిలేసిన బండి మా అబ్బాయి చేతికి వచ్చేసరికి ఇంజిన్ మొత్తం విప్పించాల్సి వచ్చింది.

మేముండేది టెక్సస్‌లో, హ్యూస్టన్‌కు ఉత్తరాన. బండి తిరిగేది తెలిసినవాళ్ల పచ్చిక బయల్లో. కొన్నదే పాత బండి కాబట్టి పొగ మొదలైనప్పుడు ఆశ్చర్యం కలగలేదు. నీలం పొగ, చిన్న గట్టు ఎక్కడానికి కూడా ఆయాసం, ప్లగ్ తీస్తే నల్లటి ఆయిల్ తడి. పిస్టన్, రింగులు, వాల్వ్ సీళ్లు మార్పించాను. ఎలాగూ విప్పారు కదా అని క్లచ్ ప్లేట్లు కూడా కొత్తవి వేయించాను. పని చేసినవాళ్లకు ఇవ్వాల్సిన మెప్పు ఇస్తాను: పొగ పూర్తిగా పోయింది, కిక్ కొడితే మొదటిసారికే ఇంజిన్ అందుకుంటోంది. చిక్కంతా క్లచ్ దగ్గరే.

మొదటి గేరు వేయగానే, యాక్సిలరేటర్ తిప్పకుండానే బండి ముందుకు పాకేది. బ్రేకు వదలాలంటే మావాడికి భయం. గేరు మార్చిన ప్రతిసారీ వెనక నుంచి ఎవరో తన్నినట్టు కుదుపు. వాడి హెల్మెట్ ముందుకీ వెనక్కీ ఊగడం నాకు దూరం నుంచే తెలిసేది. షాపుకు ఫోన్ చేస్తే కొత్త ప్లేట్లు కదా, నడిపితే సర్దుకుంటాయన్నారు. సర్దుకోలేదు. మళ్లీ అడిగితే మూత విప్పి చూడాలి, దానికి కూలీ వేరే అన్నారు. బయట నుంచే సర్దుకునే ఏర్పాటు బండిలో ఉండగా, ఈ పనే వృత్తిగా ఉన్నవాళ్లు దాని ఊసే ఎత్తకపోవడం నాకు ఇప్పటికీ కోపం తెప్పిస్తుంది.

ఈ క్లచ్ ఎలా పనిచేస్తుందో తెలిస్తే ఆ స్క్రూ విలువ తెలుస్తుంది. హ్యాండిల్ మీద క్లచ్ లివర్ ఉండదు. 1958లో వచ్చిన హోండా సూపర్ కబ్ నుంచి నడుస్తున్న పద్ధతే ఇది. మన దగ్గర హీరో హోండా స్ట్రీట్ నడిపినవాళ్లకు బాగా పరిచయం. ఇంజిన్ వేగం పెరిగితే లోపలి బరువులు బయటికి జరిగి ప్లేట్లను నొక్కుతాయి, క్లచ్ పట్టుకుంటుంది. వేగం తగ్గితే వదిలేస్తుంది. ఇది ఒక పని. గేరు లివర్‌ను కాలితో నొక్కినప్పుడు, అదే కదలికతో ప్లేట్లను కాసేపు విడదీయడం రెండో పని. ఎడమ కాలు గేరూ మారుస్తుంది, క్లచ్చూ నొక్కుతుంది. ఆ రెండో పనిలో ఎంత ఖాళీ ఉండాలో నిర్ణయించేది మన స్క్రూ. పాత ప్లేట్లు తీసి కొత్తవి వేస్తే మందం మారుతుంది, దాంతో ఖాళీ కూడా మారుతుంది. కాబట్టి ఇంజిన్ కట్టాక స్క్రూను మళ్లీ సర్ది తీరాలి. మా బండికి ఆ పని జరగలేదు.

స్క్రూ కంటే ముందు ఐడిల్, అంటే యాక్సిలరేటర్ తిప్పనప్పుడు ఇంజిన్ తిరిగే వేగం, చూడాలి. ఇంజిన్ వేడెక్కాక ఐడిల్ బండి మాన్యువల్‌లో చెప్పిన వేగం దగ్గర ఉండాలి. స్పార్క్ ప్లగ్ తీగకు చుట్టే చిన్న మీటరుతో చూస్తే మాది అంతకంటే చాలా ఎక్కువ తిరుగుతోంది. కొత్త ఇంజిన్ ఆగిపోకుండా షాపులో పెంచి ఉంచినట్టున్నారు. అంత వేగంలో లోపలి బరువులు విచ్చుకుని క్లచ్ సగం పట్టుకుంటుంది, బండి పాకుతుంది. కార్బ్యురేటర్ దగ్గర తగ్గించగానే పాకడం ఆగింది. కుదుపు మాత్రం అలాగే ఉంది. దానికి మందు స్క్రూ దగ్గరే దొరికింది.

ఇంజిన్ ఆపి, లాక్ నట్ వదులు చేసి, స్క్రూను గడియారం ముల్లు తిరిగే దిక్కులో ఒక చుట్టు తిప్పాలి. తర్వాత వెనక్కి, మెల్లగా, స్క్రూడ్రైవర్‌ను వేళ్ల కొసలతో మాత్రమే పట్టుకుని తిప్పాలి. పిడికిలితో పట్టుకుంటే ఏమీ తెలియదు. కొంతదూరం తేలిగ్గా తిరిగి, ఒకచోట మెత్తగా అడ్డం తగులుతుంది. గట్టిగా ఆగిపోవడం కాదు, చిన్న బరువు మోపినట్టు ఉంటుంది. అక్కడ ఆగి, మళ్లీ గడియారం దిక్కులో ఎనిమిదో వంతు చుట్టు తిప్పాలి. ఈ రకం పాత బండ్లలో కొన్నిటికి పావు చుట్టు దాకా చెబుతారు. నేను ఎనిమిదో వంతు దగ్గరే ఉంచాను. ఆ తర్వాత స్క్రూను కదలనివ్వకుండా స్క్రూడ్రైవర్‌తో పట్టుకుని నట్ బిగించాలి. పని చెడేది ఇక్కడే: నట్ బిగుస్తూ స్క్రూను తనతో పాటు లాక్కుపోతుంది, అంతసేపూ కుదుర్చుకున్న ఖాళీ కాస్తా మారిపోతుంది. స్క్రూ తల మీద గాడి ఏ వైపు చూస్తోందో మార్కర్‌తో మూత మీద గీత పెట్టుకుంటే, బిగించాక కదిలిందో లేదో కంటితోనే తెలుస్తుంది.

ఖాళీ ఎక్కువైతే గేరు మార్చేటప్పుడు ప్లేట్లు పూర్తిగా విడిపోవు. మా కుదుపు అదే. ఖాళీ లేకుండా చేస్తే క్లచ్ ఎప్పుడూ సగం నొక్కినట్టే ఉండి జారుతుంది, కొత్త ప్లేట్లు త్వరగా కాలిపోతాయి. రెండోదే ఎక్కువ నష్టం.

సర్దాక నడిపి చూడాలంటే నేను ఎక్కలేను. ఈ బండి మోయదగిన బరువు 40 కిలోలే. మావాడినే ఎక్కించి, గట్టు కింద నుంచి రెండో గేరులో పైకి రమ్మన్నాను. ఇంజిన్ చప్పుడు పెరిగినంతగా బండి వేగం పెరగకపోతే క్లచ్ జారుతున్నట్టు లెక్క, అందుకే చెవి అక్కడే పెట్టాను. చప్పుడూ బండీ కలిసే పైకి వచ్చాయి. గేరు మారినప్పుడు హెల్మెట్ ఊగలేదు. వాడు నన్ను దాటుకుని ఆగకుండా వెళ్లిపోయాడు. పైసా ఖర్చు లేకుండా, మూత విప్పకుండా, చుక్క ఆయిల్ కారకుండా అయిన పని అది.

ఒకసారి సర్దితే ఇక చూడక్కర్లేదని అప్పట్లో స్నేహితులకు గట్టిగా చెప్పాను. అంత గట్టిగా ఇప్పుడు చెప్పను. కొత్త ప్లేట్లు కొంతకాలం నడిచి కుదురుకున్నాక గేరు మార్పులో చిన్న బరుకుతనం వచ్చింది, స్క్రూను మరోసారి చూడాల్సి వచ్చింది. ఆ తర్వాత ఇబ్బంది పెట్టలేదు. ఆయిల్ విషయం కూడా చెప్పాలి. ఈ క్లచ్ ఇంజిన్ ఆయిల్‌లోనే మునిగి తిరుగుతుంది, కాబట్టి డబ్బా మీద జాసో ఎంఏ (ఇలా ఆయిల్‌లో మునిగే క్లచ్‌కు సరిపోతుందని తెలిపే గుర్తు) అని ఉన్న మోటార్‌సైకిల్ ఆయిలే పోయాలి. ఇంధనం ఆదా కోసం జారుడు పదార్థాలు కలిపిన కార్ల ఆయిల్ పోస్తే స్క్రూ ఎంత బాగా సర్దినా ప్లేట్లు జారవచ్చు. మార్చిన ప్రతిసారీ పట్టేది 600 మిల్లీలీటర్లే, అక్కడ పొదుపు చేయడం తగదు.

చేతి క్లచ్ లేకపోవడమే ఈ బండి గొప్ప అని కూడా చాలామందితో అన్నాను. ఐదారేళ్ల పిల్లలకు అది నిజంగా వరమే. వాళ్ల దృష్టంతా దారి మీదా బ్రేకు మీదా ఉంటుంది, బండి ఆగిపోతుందన్న బెంగ ఉండదు. కానీ మా అమ్మాయి దీని మీద నుంచి చేతి క్లచ్ ఉన్న సీఆర్ఎఫ్125ఎఫ్‌కు మారినప్పుడు మొదట్లో చాలా ఇబ్బంది పడింది. గేరు మార్చడం తెలుసు, ఎడమ చేతికి ఒక పని ఉందన్న సంగతే అలవాటులో లేదు. తమ్ముడికీ ఆ ఇబ్బంది తప్పదు.

మాకు గరాజ్ ఉంది, ఒక మోస్తరు పనిముట్లు ఉన్నాయి, తిప్పడానికి చదునైన నేల ఉంది, ఒకరి తర్వాత ఒకరు నడిపే ఇద్దరు పిల్లలు ఉన్నారు. ఇన్ని కలిసొచ్చాయి కాబట్టి ఇంజిన్ పనికి పెట్టిన డబ్బు దండగ అనిపించలేదు. అపార్ట్‌మెంటులో ఉంటూ ప్రతి చిన్న పనికీ షాపు మీద ఆధారపడేవాళ్లకు, లేదా పిల్లవాడి బరువు ఇప్పటికే 35 కిలోలు దాటినవాళ్లకు నేను దీన్ని కొనమని చెప్పను. పాతది కొనేవాళ్లు మాత్రం బండి వేడెక్కేదాకా ఇంజిన్ తిరగనిచ్చి, ఐడిల్‌లో మొదటి గేరు వేసి చూడండి. పాకినా, కుదుపు ఇచ్చినా వెంటనే వెనుదిరగకండి. పొగ లేకపోతే ఆ లోపాన్ని చూపించి ధర తగ్గించమని అడగవచ్చు.