పిల్లి ఎక్కడానికి ఏది మేలు: కొన్న క్యాట్ ట్రీనా, గోడ అరలా, సరుగుడు బాదా?

మా ఇంట్లో క్యాట్ ట్రీ, అంటే పిల్లి ఎక్కి కూర్చునే అరల స్టాండు, రెండో వానాకాలం దాటలేదు. ఆన్‌లైన్‌లో తెప్పించింది. పైన మెత్తటి బొచ్చు గుడ్డ, లోపల పార్టికల్ బోర్డు, స్తంభాలేమో దళసరి అట్ట గొట్టాలు. అమలాపురంలో శ్రావణం వచ్చిందంటే ఉప్పు డబ్బాలో ఉప్పే నీరు కారుతుంది, ఇక అట్టెంత? రోజూ తడిగుడ్డ పెట్టే నేల మీద ఆ అడుగు బోర్డు అంచులు నానిన అటుకుల్లా ఉబ్బాయి, స్క్రూలు పట్టు వదిలేశాయి. ఒకరోజు మా బుజ్జిగాడు పై అరకి దూకగానే మొత్తం ఓ పక్కకి ఊగింది. పడలేదు. కానీ వాడు మళ్లీ దాని జోలికి పోలేదు, నేరుగా బీరువా మీదికే.

పిల్లి దగ్గర ఇదే తంటా. ఒక్కసారి ఊగినదాన్ని అది నమ్మదు. అందుకే రంగు, గుడ్డ, వేలాడే బంతి, ఇవన్నీ తర్వాత. ముందు చేత్తో పై అరని గట్టిగా తోసి చూడండి.

"హాయిగా బయటికి వదలొచ్చుగా" అంటారు మా అత్తయ్య. మా వీధి చివర నుంచీ చేలే. వరికి ఎలుకలు పట్టాయంటే బ్రోమాడియోలోన్ కలిపిన నూకలు పెడతారు. ఆ మందు తిన్న ఎలుకని తింటే పిల్లికీ ముప్పే. కుక్కల సంగతి సరే సరి. కాబట్టి మా వాళ్లిద్దరూ, బుజ్జిగాడూ నల్లదీ, లోపలే ఉంటారు. లోపలుండే పిల్లికి ఎత్తు కావాలి. పైనుంచి గదంతా కనిపిస్తేనే దానికి నిశ్చింత.

కొన్నదాంట్లో మంచి లేకపోలేదు. పెట్టె విప్పి గంటలో బిగించేయొచ్చు, ఇల్లు మారితే పట్టుకుపోవచ్చు. పిల్లి కూనలకి దాని దగ్గర దగ్గర మెట్లు బాగుంటాయి. కొనేవాళ్లు అడుగు బోర్డు ఎంత వెడల్పో, ఎంత బరువో చూసుకోండి. ఇంకో లోపం నాకు ఆలస్యంగా తెలిసింది. దాని తాడు చుట్టిన స్తంభం అడుగున్నర కూడా లేదు. పిల్లి గీరేది గోటి పాత పొర ఊడటానికీ, తన వాసన గుర్తు పెట్టడానికే కాదు, ఒళ్లు సాగదీసుకోవడానికి కూడా. వెనక కాళ్ల మీద నిలబడి ముందు కాళ్లు పూర్తిగా చాపాలంటే మూడడుగులు కావాలి. అది దొరక్కే నల్లది అత్తయ్యగారి నులక మంచం కోడు పట్టుకుంది.

గోడ అరలు రాజమండ్రిలో మా చెల్లెలి ఫ్లాట్‌లో ఉన్నాయి. ఇరుకు ఇంటికి అంతకు మించింది లేదు, నేల జాగా అసలు తినదు. ఇటుక గోడకి యాంకర్ బోల్టులు దిగితే రాయిలా నిలుస్తాయి. వట్టి సిమెంటు పూతని నమ్ముకుంటే మాత్రం పిల్లి దూకే బరువుకి ఊడి వస్తాయి. అద్దె ఇల్లయితే ఓనరుగారి అనుమతి ఒక టెన్షన్. అర అడుగు వెడల్పుంటే పిల్లి నిలబడుతుంది గానీ పడుకోలేదు, కనీసం అడుగు ఉండాలి. సన్‌మైకా మీద కాళ్లు జారతాయి, పాత జనపనార పట్టా ముక్క అంటించాలి. రెండు పిల్లులుంటే దిగడానికి రెండు దారులు ఉంచాలి, లేకపోతే పెద్దది దారికి అడ్డం కూర్చుని చిన్నదాన్ని పైనే నిలబెడుతుంది. ముసలి పిల్లికి మాత్రం ఈ గెంతులు వద్దు.

మేం చివరికి వడ్రంగి మేస్త్రిని పిలిచాం. పందిళ్లకి వాడే సరుగుడు బాదు ఒకటి, నాలుగంగుళాల లావుది, బాగా ఎండింది చూసి అయిదడుగులకి కోయించాం. రెండడుగుల చదరపు పాత టేకు పలకకి దాన్ని దిగ్గొట్టి కింద నుంచి స్క్రూలు బిగించాడు. నాలుగడుగుల ఎత్తున ఓ అర, మధ్యలో ఓ చిన్న మెట్టు, పైకొసన గోడకి ఇనప క్లిప్పు. పలక మీద వాడకం లేని సన్నికల్లు పెట్టాం, బరువుకి.

తాడు దగ్గర లెక్క తప్పకండి. పది సెంటీమీటర్ల బాదుకి సెంటీమీటరు లావు తాడు చుడితే ఒక్కో చుట్టుకి 35 సెంటీమీటర్లు పడుతుంది. మూడడుగుల మేర తొంభై చుట్లు, అంటే 31 మీటర్లకి పైనే. మేం 35 మీటర్లు తెచ్చాం. కొన్నవాటికి వచ్చేది సీసల్ అనే నార తాడు, అది నున్నగా ఉంటుంది. మన కొబ్బరి పీచు తాడు గరుకు, గీరిన ప్రతిసారీ పొట్టు రాలుస్తుంది, రోజూ ఊడ్చుకోవాల్సిందే. అయినా చెమ్మకి అదే ఎక్కువ ఆగుతుంది. మరి కోనసీమలో ఉండి సీసల్ తెప్పించుకోవడమా?

మేస్త్రి చెదలకి కిరసనాయిలు పూస్తానన్నాడు, నేను వద్దన్నాను. పిల్లి పాదాలు నాకుతుంది, కిరసనాయిలూ ఫినాయిలూ రెండూ దానికి విషమే. అడుగున నాలుగు రబ్బరు ముక్కలు వేసి పలకని తడి నేల నుంచి లేపాం, అంతే.

మొదటి రెండు రోజులు ఇద్దరూ దాని చుట్టూ వాసన చూస్తూ తిరిగారు. మూడోనాడు తెల్లారేసరికి బుజ్జిగాడు పై అరలో, కిటికీలోంచి కాకులని చూస్తూ. నల్లది మాత్రం ఇంకా మంచం కోడునే గీరుతోంది. మిగిలిన నాలుగు మీటర్ల తాడూ దానికి చుట్టేశాం.