పొలం హద్దుల మీద ‘ప్రవేశం లేదు’ బోర్డులు: ఏళ్ల వాడకంలో ఏది నిలిచింది

రోజూ వెళ్లి చూసుకునే వీలు లేని భూమికి హద్దుల వెంట హెచ్చరిక బోర్డులు పెట్టి ఏళ్లు గడిచాయి. ఫ్లెక్సు, ప్లాస్టిక్ పలక, జీఐ రేకు (జింకు పూత వేసిన ఇనుప రేకు), అల్యూమినియం రేకు, ఏసీపీ పలక (అల్యూమినియం, ప్లాస్టిక్ పొరలు కలిపినది) ఒకే ఎండకు, ఒకే వానకు, ఒకే గాలికి ఎలా తట్టుకున్నాయో దగ్గరగా చూశాను కాబట్టి, ఏది కొనాలి, ఎలా బిగించాలి అన్న రెండు ప్రశ్నలకూ కొంత గట్టిగానే సమాధానం చెప్పగలను. నేను చూసినంతలో పలక పాడై బోర్డు పోవడం అరుదు. ముందుగా రంగు పోతుంది, తర్వాత బిగింపు వదులవుతుంది, ఆ తర్వాత స్తంభం ఒరుగుతుంది. పలక మీద ఖర్చు కొంత తగ్గించుకునైనా ఈ మూడింటి మీద పెట్టడం మేలు.

ఫ్లెక్సు గురించి ఎక్కువ చెప్పనక్కర లేదు. అది గుడ్డ మీద పూసిన పీవీసీ అనే ప్లాస్టిక్. దానికి మెత్తదనం ఇచ్చే పదార్థం ఎండకు క్రమంగా పోయి పెళుసుబారుతుంది, గాలికి ఉబ్బి తాడు కట్టిన రంధ్రాల దగ్గర చిరుగుతుంది. తాత్కాలిక అవసరానికి తప్ప దానిని నమ్ముకోకూడదు. లోపల గాడులుండే పాలీప్రొపిలిన్ పలక ఇంతకంటే కొంత నయం, కానీ ఎండను తట్టుకునే రసాయనం కలపని రకమైతే ముఖం తెల్లగా పొడిబారి, అంచు వంచగానే పుటుక్కున విరుగుతుంది.

జీఐ రేకు విషయంలో చాలామంది రేకునే తప్పు పడతారు. అది న్యాయం కాదు. దాని మీది జింకు పూత, చిన్న చిన్న గీతలు పడినచోట కూడా తాను తరిగిపోతూ ఇనుమును కాపాడుతుంది. చిక్కంతా దాని మీద వేసే రంగుతోనే వస్తుంది. కొత్త జీఐ రేకు మీద మామూలు ఎనామెల్ పెయింటును నేరుగా వేస్తే, పెయింటులోని నూనె సంబంధమైన అంశం జింకుతో చర్య పొంది, రెండింటి మధ్య సబ్బులాంటి పలుచని పొర ఏర్పడుతుంది. పైకి అంతా బాగానే కనిపిస్తుంది, కానీ కొంతకాలానికి గోరు ఆనించి లాగితే అరచేతి వెడల్పున పెచ్చు లేచి వస్తుంది. దాని వెనక రేకు తుప్పు లేకుండా మెరుస్తూనే ఉంటుంది. జిడ్డు శుభ్రంగా తుడిచి, జింకు పూతకు గట్టిగా పట్టే ఎచ్ ప్రైమర్ అనే తొలి పూత వేశాక రాయించిన జీఐ బోర్డులు మాత్రం బాగా నిలిచాయి. రాసే మనిషి ప్రైమర్ అవసరం లేదంటే, ఆ మాట వినకండి.

అన్నింటిలోకీ నాకు పూర్తి తృప్తినిచ్చింది 1.5 నుంచి 2 మిల్లీమీటర్ల మందం గల అల్యూమినియం రేకు. గాలి తగలగానే దాని మీద ఏర్పడే ఆక్సైడ్ పొరే దానికి రక్షణ. మిల్లీమీటరు మందం ఉన్నది కూడా చిన్న బోర్డుకు సరిపోతుంది, అయితే చేత్తో వంచితే వంగుతుంది కాబట్టి దారి పక్కన పెట్టకూడదు. రెండు పలుచని అల్యూమినియం పొరల మధ్య ప్లాస్టిక్ ఉండే ఏసీపీ పలక చూపుకు నున్నగా, తీరుగా ఉంటుంది, కానీ కోసిన అంచుల్లోంచి తడి చేరినచోట పొరలు విడిపోవడం గమనించాను.

ఇక రంగు. బోర్డు విషయంలో అందరూ తేలికగా తీసుకునేదీ, అసలు బోర్డు ఉపయోగాన్నే నిర్ణయించేదీ ఇదే. భూమి కొన్నప్పుడు దక్కిన పాత బోర్డు ఒకటి గట్టు మీద ఉండేది. దాని మీద ‘ఇతరులకు ప్రవేశం’ అన్న రెండు మాటలు నల్ల రంగులో, ‘లేదు’ అన్న మాట ప్రత్యేకంగా కనిపించాలని ఎర్ర రంగులో రాయించారు. ఎరుపు పూర్తిగా వెలిసిపోయింది, నలుపు చెక్కుచెదరలేదు. దూరం నుంచి చూసేవారికి ఆ బోర్డు ప్రవేశం ఉందనే చెబుతోంది. నల్ల రంగులో ఉండే కార్బన్ ఎండకు దాదాపు మారదు. ఎర్ర రంగుల్లో చాలావాటిని అతినీలలోహిత (యూవీ) కిరణాలు త్వరగా విరగ్గొడతాయి. అందువల్ల అసలు అర్థాన్ని మోసే మాటలన్నీ తెల్లని నేపథ్యం మీద నల్లగానే ఉండాలి, ఎరుపును అంచుకో, గుర్తుకో పరిమితం చేయాలి. ముద్రించిన బోర్డు అయితే దాని మీద యూవీని ఆపే లామినేషన్ పొర ఉందా అని అడిగి తీసుకోవాలి. ‘ఎండకు ఏమీ కాదు’ అన్న ఒట్టి హామీతో వచ్చిన ముద్రణలు నా దగ్గర త్వరగానే పాలిపోయాయి.

రాత్రిపూట కనిపించాలంటే అందరూ రేడియం అని పిలిచే పరావర్తక పొర వేయించాలి. అది తనంతట తాను వెలగదు. పొరలోని సన్నని గాజు పూసలు లేదా పట్టకాలు, పడిన వెలుతురును వచ్చిన దిక్కుకే తిప్పి పంపుతాయి. టార్చి పట్టుకున్న మనిషికీ, బండి హెడ్‌లైటు వెనక కూర్చున్న మనిషికీ అది స్పష్టంగా కనిపిస్తుంది. గేటు దగ్గరా, బండ్ల దారి వచ్చి కలిసేచోటా దీనికి పెట్టే ఖర్చు వృథా కాదు. కాలినడకన కూడా ఎవరూ రాని వైపు దీని అవసరం లేదు.

బిగింపులో నేను గట్టిగా పట్టుబట్టేది స్టెయిన్‌లెస్ స్టీల్ నట్లు, బోల్టులు, వాటి కింద నైలాన్ వాషర్ల గురించి. అల్యూమినియాన్ని మామూలు ఇనుప బోల్టుతో బిగిస్తే బోల్టు తుప్పు పట్టి, ఎర్రని చార బోర్డు పొడవునా కారుతుంది. రెండు లోహాలు తడిలో తాకుతూ ఉంటే రంధ్రం చుట్టూ తెల్లని పొడి పేరుకుని, రేకు అక్కడ తినేసినట్టు అవుతుంది. రంధ్రాన్ని బోల్టు కంటే కొంచెం పెద్దదిగా వేయాలి. ఎండకు రేకు సాగుతుంది, ప్లాస్టిక్ అంతకు ఎన్నో రెట్లు సాగుతుంది. ఆ చోటు ఇవ్వకుండా బిర్రుగా బిగించిన ప్లాస్టిక్ పలకలు సరిగ్గా రంధ్రం దగ్గరే పగిలాయి.

చెట్లకు కొట్టడం నాకు నచ్చదు. చెట్టు పొడవు పెరిగేది కొమ్మల చివర్లలోనే కాబట్టి మేకు కొట్టిన ఎత్తు మారదు, కానీ మాను లావెక్కుతూ మేకు తలనూ, బోర్డు అంచులనూ తనలోకి కలిపేసుకుంటుంది. రేకు మధ్యలో వంగి, అక్షరాలు ముడతల్లోకి పోతాయి. ఆ కలప కోసేవారి రంపానికి కూడా లోపలి ఇనుము ప్రమాదమే. తప్పనిసరైతే పొడవైన అల్యూమినియం మేకులు వాడి, సగం బయటికే వదిలి, ఏటా చూసుకుని కాస్త బయటికి లాగుతూ ఉండాలి.

స్తంభానికి జీఐ పైపు మంచిది, పైన మూత బిగించి ఉండాలి. మొత్తం పొడవులో దాదాపు మూడో వంతు నేలలో ఉండాలి. చుట్టూ వేసిన కాంక్రీటు పైభాగాన్ని నేల కంటే కొంచెం ఎత్తుగా, బయటికి వాలుగా తీర్చితే నీరు పైపు మొదట్లో నిలవదు. కర్ర స్తంభాలు నేలమట్టం దగ్గరే కుళ్లుతాయి, ఎందుకంటే తడీ గాలీ రెండూ బాగా అందేది అక్కడే. బోర్డు ఎంత పెద్దదైతే అంత మంచిదన్న భావన కూడా సరికాదు. గంటకు 100 కిలోమీటర్ల గాలిలో 45 × 30 సెంటీమీటర్ల బోర్డు మీద సుమారు 8 కిలోల బరువుకు సమానమైన తోపు పడుతుంది. కొలతలు రెట్టింపు చేసి 90 × 60 చేస్తే అది 30 కిలోలు దాటుతుంది. అంత తోపు వర్షానికి నానిన నేలలో ఒంటి స్తంభాన్ని ఒరగబెట్టడానికి చాలు. ఒక పెద్ద బోర్డుకు బదులు నాలుగు చిన్నవి సరైన చోట్ల పెట్టడం నాకు మెరుగ్గా పనిచేసింది.

సరైన చోటంటే మనిషి లోపలికి అడుగుపెట్టే చోటు: కాలిబాట కంచెను దాటేచోటు, హద్దు మలుపు, గేటు, వాగు ఒడ్డు. బోర్డు ముఖం హద్దుకు సమాంతరంగా కాక, వచ్చే మనిషికి ఎదురుగా ఉండాలి. ఎత్తు కంటిచూపుకు అందేలా, పొదలు పెరిగినా మూసుకుపోకుండా చూసుకోవాలి. రహదారి బోర్డులకు అమెరికాలో పాటించే లెక్క ప్రకారం 25 మిల్లీమీటర్ల అక్షరం సుమారు 9 మీటర్ల దూరం వరకు చదవవచ్చు. గుణింతాలు, ఒత్తులు ఉండే తెలుగు అక్షరాలకు ఇంకొంత పెద్ద కొలత తీసుకోవడం మంచిది. ఒక బోర్డుకూ మరొక బోర్డుకూ ఎంత ఎడం ఉండాలన్నది ఆయా ప్రాంతాల చట్టాన్ని బట్టి ఉంటుంది. టెక్సాస్ రాష్ట్రంలో బోర్డుకు బదులు చెట్లకూ స్తంభాలకూ ఊదా రంగు నిలువు గీతలు వేసుకోవచ్చు. అక్కడ అడవి భూమిలో ఆ గీతల మధ్య 100 అడుగులకు మించి, ఇతర భూముల్లో 1,000 అడుగులకు మించి దూరం ఉండకూడదు. చెట్లు దట్టంగా ఉంటే గుర్తులు దగ్గర దగ్గరగా ఉండాలన్న ఆ తర్కం ఎక్కడైనా వర్తిస్తుంది.

రాత విషయానికి వస్తే, మూడు నాలుగు మాటలు చాలు. చదవలేనివారి కోసం, వేరే భాషవారి కోసం ఎర్రని వలయంలో అడ్డగీత కింద నడిచే మనిషి బొమ్మ వేయించడం చాలా అవసరం. భద్రతా గుర్తులకు అంతర్జాతీయంగా పాటించే ఐఎస్‌ఓ 7010 ప్రమాణంలో ఆ గుర్తు సంఖ్య పీ004. శిక్షలు, బెదిరింపులు రాయించిన బోర్డులు నా భూమి మీద రాళ్ల దెబ్బలు ఎక్కువ తిన్నాయి. మర్యాదగా రాసినవి అలాగే ఉన్నాయి. లోపల తెరిచిన బావి ఉంటే, ‘లోపల లోతైన బావి ఉంది’ అని కారణం చెప్పే మాట ఒకటి కలిపినచోట జనం నిజంగానే వెనుదిరిగారు.

అల్యూమినియానికి తుక్కు విలువ ఉంది కాబట్టి దొంగతనం భయం ఉంటుంది. బిగించాక బయటికి ఉన్న బోల్టు మరలను సుత్తితో అణగగొడితే నట్టు తిరిగి రాదు. ఏడాదికోసారి సబ్బునీళ్లతో తుడవడం, చుట్టూ కొమ్మలు నరకడం, నట్లు వదులయ్యాయేమో చూడటం తప్ప ఈ బోర్డులు నన్ను వేరే పని అడగలేదు. తుడిచేటప్పుడు మాత్రం థిన్నర్ జోలికి పోకూడదు; అది మురికితో పాటు రాతను కూడా ఊడ్చేస్తుంది.