ఒక్క తాళంతో కొన్న అబార్త్ పుంటో: ఆరేళ్ల అలారం, ఇమ్మొబిలైజర్ అనుభవం

నా బండి ఫియట్ అబార్త్ పుంటో, 2016 మోడల్. 2019లో విశాఖలో సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్నాను. 1.4 లీటర్ల టర్బో పెట్రోల్ ఇంజిన్, 145 హెచ్‌పీ. విజయనగరంలో ఎక్కడ ఆపినా బండి పక్కభాగం మీదున్న తేలు బొమ్మ చూసి పిల్లలు మూగుతారు. ఇంజిన్ గురించి చెప్పినవాళ్లు చాలామందే ఉన్నారు కాబట్టి నేను తాళం గురించి రాస్తున్నాను. ఈ బండితో నేను పడ్డ టెన్షన్ అంతా దాని దగ్గరే.

కొన్న రోజు అమ్మినాయన ఒక్క తాళమే చేతిలో పెట్టారు. "రెండోది ఇంట్లోనే ఎక్కడో ఉందండి, దొరగ్గానే కొరియర్ చేస్తాను" అన్నారు. మనిషి మంచివారే, నమ్మాను. తాళాలతో పాటు కోడ్ కార్డు కూడా ఇస్తారని, దాని మీద తాళం కోయడానికి ఒక నంబరు, బండిలోని కంప్యూటర్‌కు చెప్పడానికి ఇంకో నంబరు ఉంటాయని అప్పటికి నాకు తెలియదు. అడగలేదు. నెలలు గడిచాయి, కొరియర్ రాలేదు. రాత్రి పడుకుంటే ఒకటే ఆలోచన. ఆ రెండో తాళం ఎవరి చేతిలో ఉందో, వాళ్లు వచ్చి మామూలుగా స్టార్ట్ చేసుకుని పోతే ఏమిటి గతి?

ఆ భయంతోనే 2020లో ఒక యాక్సెసరీస్ షాపులో సైరన్ అలారం పెట్టించాను. నాలుగున్నర వేలు. బండిని ఎవరైనా తాకినా, తలుపు తీసినా మోగుతుంది. మొదటి వారం హాయిగా నిద్రపట్టింది.

తర్వాత పైడితల్లి అమ్మవారి పండగ వచ్చింది. తొలేళ్ల రాత్రి, అంటే పండగకు ముందు రాత్రి, మా సందు చివర టపాసులు కాలుస్తుంటే ఆ అదురుకే సైరన్ అందుకుంది. ఆగుతుంది, మళ్లీ మొదలవుతుంది. నేను గుడి దగ్గర ఉన్నాను, అక్కడికి రిమోట్ అందదు. పొద్దున్నే పక్కింటి పెద్దాయన గేటు దగ్గరకొచ్చి, "బాబూ, రాత్రంతా నీ బండి ఏడుస్తూనే ఉందిరా, నాకు కునుకు లేదు" అన్నారు. ఆయనకు గుండె ఆపరేషన్ అయి ఏడాది కూడా కాలేదు. ఆ మాటకు చాలా బాధపడ్డాను. షాపుకు వెళ్తే సెన్సర్ మీదున్న చిన్న స్క్రూ తిప్పి సెన్సిటివిటీ తగ్గించారు. ఇంటికొచ్చి డోర్ మీద పిడికిలితో గట్టిగా కొట్టి చూశాను, పలకలేదు. మళ్లీ కొంచెం పెంచితే వేసవిలో ఉరుములకు మోగింది. ఆ మధ్యస్థం ఎక్కడుందో నాకు చివరిదాకా దొరకలేదు.

పైగా అది బ్యాటరీని తాగేసేది. 2021 మేలో కర్ఫ్యూ రోజుల్లో మూడు వారాలు బండి కదల్లేదు. తీసేసరికి సెంట్రల్ లాకు కూడా పలకలేదు. ఎలక్ట్రీషియన్ మీటర్ పెట్టి చూస్తే, అన్నీ ఆపేసి ఉన్నా 110 మిల్లీయాంప్స్ లాగుతోంది. అలారం ఫ్యూజ్ తీశాక 25కి పడింది. 110 అంటే రోజుకు రెండున్నర యాంపియర్ అవర్లకు పైనే. రెండు వారాలకు ముప్పై ఏడు అవుతుంది, ఇక బ్యాటరీలో మిగిలేదేముంది? అదే రోజు సైరన్ పీకించేశాను. సెకండ్ హ్యాండ్ బండికి ఇలాంటి అలారం కొనమని నేనెవరికీ చెప్పను. వాహనాలను పరీక్షించే ఏఆర్ఏఐ సంస్థ ఆమోదం ఉన్న యాంటీ థెఫ్ట్ పరికరమైతే ఇన్సూరెన్స్‌లో ఓన్ డ్యామేజ్ (మన బండికి జరిగే నష్టం కోసం కట్టే) ప్రీమియంలో 2.5 శాతం, గరిష్ఠంగా 500 రూపాయలు తగ్గుతుంది. నాది అలాంటిది కాదు కాబట్టి ఆ లాభమూ లేదు.

ఇక ఇమ్మొబిలైజర్, అంటే సరైన తాళం కాకపోతే ఇంజిన్‌ను లేవనివ్వని ఏర్పాటు. కంపెనీ నుంచి బండితో వచ్చిన ఇమ్మొబిలైజర్ పేరు ఫియట్ కోడ్, అది ఈ ఆరేళ్లలో ఒక్కసారి కూడా ఇబ్బంది పెట్టలేదు. తాళం తలలో చిన్న చిప్ ఉంటుంది. దానికి బ్యాటరీ అక్కర్లేదు. ఇగ్నిషన్ చుట్టూ ఉన్న కాయిల్ నుంచే దానికి కరెంటు అందుతుంది. తాళం తిప్పగానే చిప్ తన కోడ్ చెబుతుంది, అది సరిపోతేనే ఇంజిన్ కంప్యూటర్ ఇంజిన్‌ను స్టార్ట్ కానిస్తుంది. రిమోట్‌లో వేసే సీఆర్2032 బ్యాటరీ తలుపు తీయడానికి మాత్రమే. అది అయిపోయి నేను రెండు నెలలు మార్చలేదు, బండి రోజూ స్టార్ట్ అయింది.

దీని విలువ నాకు బాగా తెలిసింది 2022 డిసెంబర్‌లో. పూసపాటిరేగ దగ్గర చింతపల్లి బీచ్‌కి పిల్లలతో వెళ్లాం. అలల్లో ఆడి ఒడ్డుకొచ్చేసరికి నా జేబులో తాళం లేదు. చీకటి పడేదాకా ఫోన్ లైట్లతో ఇసుక జల్లించాం. వలలు సర్దుకుంటున్న ఇద్దరు మత్స్యకారులు కూడా మాతో పాటు వెతికారు. దొరకలేదు. బండిని లారీ మీద ఇంటికి తెచ్చాను.

మర్నాడు తాళాలు చేసే ఆయన డోర్ లాక్ చూసి గంటలో తాళం కోసిచ్చాడు. తలుపు తెరుచుకుంది. ఇగ్నిషన్‌లో పెట్టి తిప్పితే సెల్ఫ్ తిరిగింది గానీ ఇంజిన్ అందుకోలేదు. మీటర్ దగ్గర కోడ్ లైటు అలా వెలుగుతూనే ఉంది. "తాళం తిరుగుతాది బాబూ, చిప్పు లేకపోతే ఇంజిన్ లేవదు. విశాఖ నుంచి కుర్రోణ్ని పిలవండి" అని ఆయనే దారి చెప్పాడు. ఆ మూడు వందల తాళంతో దొంగ ఏమీ చేయలేడని నా కళ్లతో నేను చూశాను.

విశాఖ నుంచి వచ్చిన కుర్రాడు డాష్‌బోర్డు కింద దూరి, తాళాల కోడ్ దాచుకునే బాడీ కంప్యూటర్‌ను విప్పాడు. కోడ్ కార్డు లేదు కాబట్టి కోడ్‌ను అందులోని మెమరీ నుంచే చదవాలి. అదే ఖర్చు పెంచింది. కార్డు ఉంటే ఈ పని సగం తగ్గేది. సాయంత్రానికి చిప్‌తో రెండు తాళాలు, మొత్తం 21 వేలు. లారీకి ఇచ్చింది వేరే. డబ్బు ఇస్తుంటే అతను ల్యాప్‌టాప్ నా వైపు తిప్పి, "ఇంతకుముందు మెమరీలో రెండు తాళాలు ఉన్నాయి సార్. కొత్తవి ఎక్కించేటప్పుడు దగ్గర లేనివి చెరిగిపోతాయి. ఇక ఆ పాతవి ఈ బండిని లేపలేవు" అన్నాడు. మూడేళ్లు నన్ను వేధించిన రెండో తాళం ఆ క్షణంలో చచ్చిపోయింది. ఈ సంగతి ముందే తెలిసుంటే సైరన్ జోలికి వెళ్లకుండా, చేతిలో తాళం ఉండగానే ఈ పని చేయించుకునేవాణ్ని. ఒక తాళం చేతిలో ఉంటే ఖర్చు బాగా తక్కువ. ఫియట్ 2019లో మన దేశంలో కార్లు ఆపేసింది కాబట్టి, ఇలాంటి బండి వాడేవాళ్లు ఈ పనిని వాయిదా వేయకూడదు. బండి పోతే ఇన్సూరెన్స్ వాళ్లు కూడా సాధారణంగా రెండు తాళాలూ అడుగుతారు.

ఈ కొత్త తాళాలు వాడి మూడేళ్లయింది. చిప్ ఒక్కసారీ తప్పలేదు. పైనున్న ప్లాస్టిక్ మాత్రం నాసిరకం. ఏడాదిన్నరకే మడత దగ్గర స్ప్రింగ్ వదులై, బ్లేడు జేబులో తనంతట తానే తెరుచుకునేది. కవరు మార్పించాను, నాలుగు వందలు. నా తాళంలో చిప్ సర్క్యూట్ బోర్డు మీదే ఉంది. మార్చేవాళ్లు పాత కవరు పారేసే ముందు లోపల ఏమీ మిగల్లేదని మీరే చూసుకోండి.

కిందటేడు అమ్మినాయన ఫోన్ చేశారు. ఇల్లు మారుతుంటే రెండో తాళం దొరికిందట. పంపితే వెంటనే పెట్టి చూశాను. తలుపు తెరుచుకుంది, సెల్ఫ్ తిరిగింది, కోడ్ లైటు వెలిగింది, ఇంజిన్ లేవలేదు. దాన్ని హాల్లో మేకుకు తగిలించాను, రిమోట్ బ్యాటరీ అయిపోయిన రోజు తలుపు తీయడానికి.