డెడ్‌పూల్ అండ్ వుల్వరిన్: సగం హాల్ ఈలలు, సగం హాల్ బిక్కమొహాలు

2024 జులైలో రిలీజ్ అయిన వీకెండ్‌లోనే చూశా, సినిమా కంటే జనాల రియాక్షన్లే ఎక్కువ గుర్తున్నాయి నాకు. మొదట్లోనే డెడ్‌పూల్ వెళ్లి, పాత సినిమాలో చచ్చిపోయిన లోగన్ (అదే, పాత వుల్వరిన్) సమాధి తవ్వి ఆ ఎముకలతోనే డాన్స్ వేస్తూ ఒక్కొక్కడ్ని పొడుస్తుంటే ముందు వరసల్లో ఈలలు, నా పక్కనాయన మాత్రం ‘ఛీ ఇదేం సినిమా రా బాబూ’ అని తల పట్టుకున్నాడు. సూపర్‌హీరో బొమ్మే కదా అని పిల్లాడ్ని తీసుకొచ్చిన ఒకాయన్ని గేట్ దగ్గరే ఆపేశారు, ఎ సర్టిఫికెట్ అని పోస్టర్ మీదే ఉంది కదా సార్!

క్రిస్ ఇవాన్స్ కనపడగానే అందరూ కెప్టెన్ అమెరికా అనుకుని గోల గోల, తీరా చూస్తే 2005 ఫెంటాస్టిక్ ఫోర్‌లో ఆయనే వేసిన ఇంకో హీరో జానీ స్టార్మ్, అసలు జోకే అది, పాతవి చూసినోళ్లు పడి పడి నవ్వారు, చూడనోళ్లు పక్కోడి మొహం చూశారు. పాత బ్లేడ్ సినిమాల హీరో వెస్లీ స్నైప్స్ మళ్లీ బ్లేడ్‌గా వచ్చినప్పుడూ సేమ్ సీన్. డెడ్‌పూల్ పాత సినిమాలు తీసిన ఫాక్స్ స్టూడియోని డిస్నీ కొనేసిన సంగతి తెలియకపోతే సగం సెటైర్లు నెత్తి మీంచి పోతాయి.

కథ పెద్దగా లేదు, విలన్ సోసో. కానీ కారులో ఇద్దరూ కొట్టుకునే సీన్ ఉంది చూడండీ, అబ్బా! వుల్వరిన్‌గా హ్యూ జాక్‌మన్ వేసిన పసుపు డ్రెస్‌కే నా డబ్బులు వసూల్. ఇంట్లో పెద్దవాళ్లతో మాత్రం కూర్చోకండి, రిమోట్ వెతుక్కోవాలి.